ఎవరు అనుకూలం?

జనవరి 4, 2009. ఆదివారం.

మా అబ్బాయి ఎర్వే రాలేదు. పారిస్ నుంచి మోంబ్రే దాకా దారంతా మంచు. ఇలాంటప్పుడు బండి తీయకపోవడమే మంచిది.

అపొలీన్ రైల్లో వచ్చింది. రైళ్లు బాగానే నడుస్తున్నాయట.

రాజుల పండగ రొట్టె నేనే చేశాను. మనవరాలికి పంతొమ్మిదేళ్లు. ఇంట్లో అందరికంటే చిన్నది కాబట్టి ఇప్పటికీ బల్ల కిందకి దూరి, ఏ ముక్క ఎవరికో అక్కణ్నుంచే చెప్పింది. "ఇది?" "నానమ్మకి." "ఇది?" "నాకు." "ఇది?" కొంచెం ఆగి, "నాన్నకి" అంది.

రొట్టెలో దాచిన గింజ ఎవరికి వస్తే వాళ్లే ఆ రోజుకి రాజు. మా ముక్కల్లో రాలేదు. అంటే అది వాడి ముక్కలోనే ఉంది. అపొలీన్ కాగితం కిరీటాన్ని తెచ్చి వాడి పళ్లెం మీద పెట్టింది.

"నాన్న రాజయ్యాడు నానమ్మా. తల మాత్రం కనబడటం లేదు. మన దేశంలో రాజులకి అది మామూలేగా."

తండ్రి గురించి అలా మాట్లాడకూడదని కోప్పడ్డాను. ముక్కని గుడ్డలో చుట్టి అల్మరాలో పెట్టాను. వచ్చే వారం వస్తాడు.

జనవరి 9.

రాజుల రొట్టె ముక్క ఎండిపోయింది. కోళ్లకు వేశాను. లోపలి గింజని కడిగి కిటికీ దగ్గర పెట్టాను.

జనవరి 12.

పత్రికలో మొదటి పేజీ నిండా వాడే. "పీఠభూమి సహకార బ్యాంకు: అధినేత నిలుస్తాడా?" అని శీర్షిక. పాత ఫొటో వాడుకున్నారు. బ్యాంకు పగ్గాలు చేపట్టిన ఏడాది తీసినది. అందులో వాడి మెడలో ఉన్నది మా ఆయన కెమీల్ టై. పక్కనే అప్పటి ఇంటర్వ్యూలోంచి ముక్క ఒకటి వేశారు: "మా అమ్మే మాకు లెక్కల టీచరు. గంట కొట్టాక ఒక్క గీత గీశానని నా పరీక్ష కాగితానికి సున్నా వేసింది. నేను బ్యాంకు నడిపేది ఆ సున్నాని గుర్తు పెట్టుకునే."

ఆ రోజుల్లో ఆ మాట చదివి ఊరంతా నన్ను అభినందించారు. సున్నా వేసింది నిజమే. వాడికే కాదు, ఎవరికైనా అదే వేసేదాన్ని. గంట కొట్టాక కలం కింద పెట్టాలి.

జనవరి 14.

రొట్టెల దుకాణంలో ఫిర్మిన్ కనబడ్డాడు. నా వయసువాడే. జీవితమంతా ఆవుల్ని మేపాడు. మూడేళ్ల కిందట మందనంతా అమ్మి, ఆ డబ్బుతో ఎర్వే బ్యాంకు తరఫున పెట్టిన కొత్త కంపెనీ షేర్లు కొన్నాడు. ఈ శీతాకాలం నుంచి మళ్లీ పనికి దిగి, జున్ను తయారుచేసే కేంద్రంలో నేల కడుగుతున్నాడు. చేతులు పగిలి ఎర్రగా ఉన్నాయి.

వరసలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా అన్నాడు: "పంతులమ్మా! మీవాడి షేరు ఇవాళ ఈ బాగెట్ రొట్టె కంటే చవక. పోనీ బాగెట్ అయితే తినొచ్చు."

"షేర్ల ధరలు పడతాయి, లేస్తాయి. అది ముందే చెప్పారు."

"ఎవరు చెప్పారు? బ్యాంకు సభ రోజు హాల్లో నిలబడి మీవాడు ఏమన్నాడు? 'మా అమ్మ కూడా కొంటోంది' అన్నాడు. మీరు కొంటున్నారంటే ఇక నేను ఆలోచించేదేముంది?"

నేను కొన్న మాట నిజమే. ఎర్వే అబద్ధం చెప్పలేదు.

ఫిర్మిన్ చిన్నప్పట్నుంచీ లెక్కల్లో బలహీనుడు.

జనవరి 18. ఆదివారం.

ఎర్వే ఫోన్ చేశాడు.

"తిన్నావా?"

"తిన్నానమ్మా."

"ఏం తిన్నావ్?"

"ఏదో."

"ఏదో అనేది తిండి కాదు."

నవ్వాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. డైరెక్టర్లు వాణ్ణి ఉంచాలా పంపాలా తేల్చుకోలేక సభ్యుల మీదకి నెట్టారు. ప్రతి ఊరి శాఖా తన వార్షిక సభలో విశ్వాస తీర్మానం మీద ఓటెయ్యాలి. బ్యాంకు పుట్టింది మోంబ్రేలో కాబట్టి మొదటి సభ ఎప్పుడూ మాదే. మా తర్వాతే మిగతా ఊళ్లు. మోంబ్రే ఏమంటే అవీ అదే అంటాయి. ఇప్పటిదాకా అలాగే జరిగింది.

"ఇక్కడ గట్టెక్కితే అన్నిచోట్లా గట్టెక్కినట్టే" అన్నాడు. "ఎప్పుడూ అడిగినట్టు అడిగితే చాలమ్మా. మనవాళ్లు చెయ్యెత్తరు. నీకు తెలుసుగా."

తెలుసు. ఆ హాల్లో ఓట్లు లెక్కపెట్టేది నేనే. లెక్కపెట్టడానికి ఏనాడూ ఏమీ ఉండదు. అధ్యక్షులెవరైనా "ఎవరు వ్యతిరేకం?" అంటారు, అందరూ బూట్లు చూసుకుంటారు. "ఎవరు తటస్థం?" అంటారు, ఇంకో బూటు చూసుకుంటారు. "ఏకగ్రీవంగా ఆమోదం" అని ప్రకటించి వైన్ సీసాల మీది గుడ్డ తీస్తారు. ఎవరు అనుకూలమో ఎవరూ అడగరు. నోరు మూసుకుని కూర్చున్నవాళ్లంతా అనుకూలమే. మూడేళ్ల కిందట షేర్ల పథకం కూడా అలాగే నెగ్గింది.

గొంతు బాగానే ఉంది వాడికి. కొంచెం జలుబు చేసినట్టుంది.

జనవరి 25. ఆదివారం.

ఫోన్ రాలేదు. మేడ మీది అల్మరా సర్దాను.

ఎర్వే పారిస్ పాలిటెక్నిక్‌లో, దేశంలోకెల్లా గొప్ప ఇంజనీరింగ్ కళాశాలలో, చేరినప్పుడు ఇచ్చిన రెండు కొమ్ముల టోపీ పెట్టెలోనే ఉంది. చిమ్మట కొట్టలేదు. జులై పద్నాలుగున జాతీయ పండగ కవాతు చూడ్డానికి కెమీలూ నేనూ తెల్లవారకుండానే వెళ్లి నిలబడ్డాం. కెమీల్ ఇంటి నుంచి పాలు పితికే పీట తెచ్చుకున్నాడు, మనుషుల తలల మీదుగా కనబడాలని. అన్ని టోపీల్లో వాడెవడో మాకు తెలియలేదు. అయినా "అదుగో, అదుగో" అని ఇద్దరం అరిచాం.

ఆ తర్వాత ఆర్థిక శాఖలో తనిఖీ అధికారి. ఆ తర్వాత మంత్రిగారి పేషీ. ముప్పై నిండకుండా మంత్రులకి ఉపన్యాసాలు రాసిచ్చేవాడు. ఇక్కణ్నుంచి పారిస్ వెళ్లి పైకొచ్చినవాళ్లు అక్కడే ఉండిపోతారు. వీడు మాత్రం, ఆఫీసు పారిస్‌లోనే అయినా, మా బ్యాంకుకి అధినేతగా వస్తానన్నాడు. కెమీల్ జున్ను కేంద్రం ముందే నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. "మనవాడు మన దగ్గరికే వస్తున్నాడు సొలాంజ్" అన్నాడు.

షేర్ల పథకం వచ్చేసరికి కెమీల్ లేడు. అది నయం.

జనవరి 31.

శాఖ కమిటీ సమావేశం. నేనొక సవరణ పెట్టాను. ఈసారి అనుకూలం, వ్యతిరేకం, తటస్థం మూడూ అడగాలి, మూడూ లెక్కపెట్టాలి, అది కూడా అనుకూలంతో మొదలుపెట్టాలి. నిబంధనల్లో ఉన్నదే. ఇన్నాళ్లూ బద్ధకించి మానేశారు.

ఒడీల్ అధ్యక్షురాలు. ఎర్వేతో కలిసి నా తరగతిలో చదువుకుంది. ఇప్పుడు ఆవులూ పాల వ్యాపారం. నేను చెప్పింది విని కళ్లజోడు తీసింది.

"ఇప్పుడెందుకు మేడమ్? ఎన్నడూ అడగలేదుగా."

"అడగలేదు కాబట్టే ఊరు ఇలా తయారైంది."

"అడక్కపోతే ఇంటికెళ్లి తిట్టుకుంటారు, అంతే. అడిగితే..."

"అడిగితే?"

"ఏం లేదు మేడమ్. మీ ఇష్టం."

మిగతావాళ్లు తలలూపారు. సవరణ నెగ్గింది. ఎవరు వ్యతిరేకం, ఎవరు తటస్థం అని అడిగి నెగ్గించారు.

ఇది నియమం గురించి మాత్రమే. ఎర్వే గురించి కాదు. అయినా రాసుకుంటే తప్పేముంది: ఒడీల్ పశువుల కొట్టం కాలిపోయినప్పుడు పారిస్ నుంచి స్వయంగా వచ్చి అప్పు మంజూరు చేయించింది ఎర్వే. ఫిర్మిన్ కొడుక్కి ఉద్యోగం ఇప్పించింది ఎర్వే. బడి మూతపడకుండా ఆపింది ఎర్వే. ఇవన్నీ మనుషుల మనసుల్లో ఉంటాయి. అడిగితే పైకి వస్తాయి. బూట్లు చూసుకునేవాళ్ల దయతో నా కొడుకు నెగ్గకూడదు. చేతులెత్తి నెగ్గించాలి. పత్రికలవాళ్లు ఆ చేతుల్ని ఫొటో తీసుకోవాలి.

ఫిబ్రవరి 1. ఆదివారం.

సవరణ సంగతి ఎర్వేకి చెప్పాను.

"నువ్వే పెట్టించావా?"

"నేనే."

"తీయించెయ్యమ్మా."

"కమిటీ ఆమోదించింది. భయమెందుకు? నీకంటూ మనుషులు లేరా ఇక్కడ?"

"నువ్వు చెప్పు. ఉన్నారా?"

"నలభై ఏళ్లు పాఠం చెప్పాను ఈ ఊరికి. నాకు తెలియదా?"

"సరే మేడమ్" అన్నాడు. తరగతిలో వాడు నన్ను అలాగే పిలిచేవాడు. బడి వదిలాక ఆ పిలుపు మళ్లీ వినడం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 2.

ఇది నియమం గురించి మాత్రమే.

ఫిబ్రవరి 9.

సీమదానిమ్మ పళ్ల జెల్లీ సీసాలు బుట్టలో పెట్టుకుని ఇంటింటికీ వెళ్లొచ్చాను. ఈ ఏడు ఎక్కువ చేశాను, పాడైపోతుంది కదా.

ఫిర్మిన్ తలుపు సగమే తీశాడు. "పంతులమ్మా, ఓటుకో సీసానా?"

"ఎక్కువైంది, ఇస్తున్నాను."

"అబ్బో! మీ ఇంట్లో ఏదైనా ఎక్కువవడం ఇదే మొదటిసారి. ఒక్కో పండూ లెక్కపెట్టి ఉడకబెట్టే మనిషికి." సీసాని వెలుతురుకి పట్టి చూశాడు. "రంగు బాగుంది. తీసుకుంటా. కానీ నా చెయ్యి దీన్ని రొట్టె మీద రాసుకోవడానికి మాత్రమే లేస్తుంది, ముందే చెబుతున్నా."

ఊరికే అంటాడు. వాడి మాటలు ఎప్పుడూ అంతే. సీసా తీసుకున్నాడుగా.

ఫిబ్రవరి 15. ఆదివారం.

అపొలీన్ ఫోన్ చేసింది. "నాన్న బండిలో కూర్చుంటున్నాడు నానమ్మా."

"ఎక్కడికి వెళ్తున్నాడు?"

"ఎక్కడికీ వెళ్లడు. కిందికి దిగి, బండిలో కూర్చుని, తలుపేసుకుంటాడు. అమ్మ పిలిస్తే వస్తాడు. మళ్లీ వెళ్తాడు."

శీతాకాలంలో వాడకుండా వదిలేస్తే బండి బ్యాటరీ చచ్చిపోతుంది. అప్పుడప్పుడూ చూసుకోవడం మంచిదే.

ఫిబ్రవరి 16.

బ్యాటరీ గురించి నిన్న రాసింది చదివాను. కొట్టెయ్యలేదు.

ఫిబ్రవరి 26.

ఎర్వే వచ్చాడు. కోటు వదులుగా వేలాడుతోంది. దరిదాపు పదేళ్ల తర్వాత తన పాత గదిలో పడుకుంటున్నాడు. మంచం పొట్టిదయింది.

ఉల్లికాడల సూప్ చేశాను. చెంచా తిప్పుతూ కూర్చున్నాడు.

"రేపు నువ్వు ఎత్తుతావా అమ్మా?"

"లెక్కపెట్టేది నేను. అందరి వైపూ సమంగా ఉండాలి."

"నీకూ ఓటుందిగా."

"ఉంది."

"మరి?"

"సూప్ చల్లారుతోంది."

తాగాడు. గిన్నె కడిగి బోర్లించాడు. కిటికీ దగ్గరున్న గింజ తీసి చూసి, "ఇదేంటి?" అన్నాడు. రాజుల రొట్టెలో నీకు వచ్చిందన్నాను. జేబులో వేసుకున్నాడు.

ఫిబ్రవరి 27.

రేపు రాస్తాను.

ఫిబ్రవరి 28.

నిన్న హాలు నిండింది. తడిసిన కోట్ల వాసన. వెనక బల్లల మీద హామ్, కోంతే జున్ను, పసుపు వైన్, పైన తెల్ల గుడ్డ. పత్రికలవాళ్లు గోడవారగా నిలబడ్డారు.

ఎర్వే బాగా మాట్లాడాడు. మరీ బాగా. ప్రపంచ మార్కెట్ల గురించి, న్యూయార్క్ గురించి, ఎవరూ ఊహించని తుఫాను గురించి.

మూడో వరసలోంచి ఫిర్మిన్ లేచాడు. "వాతావరణం సంగతి మాకు తెలుసు ఎర్వే. రోజూ అందులోనే ఉంటాం. నా ఆవుల సంగతి చెప్పు."

ఎవరో నవ్వారు. ఎర్వే కాగితాలు తిరగేశాడు. ఆవుల సంగతి ఆ కాగితాల్లో లేదు. "క్షమించండి" అన్నాడు. అంత చిన్న మాట వాడి నోట ఆ హాలు ఎప్పుడూ వినలేదు. కూర్చుని తల వంచుకున్నాడు.

ఒడీల్ తీర్మానం చదివింది. నేను పక్క గోడ దగ్గర మెట్టు మీద నిలబడ్డాను, అన్ని వరసలూ కనబడేలా. చేతిలో పెన్సిల్.

"ఎవరు అనుకూలం?"

వరస వరసా చూశాను. ఒక్క చెయ్యి లేదు. ఒడీల్ చేతులు బల్ల మీద ఉన్నాయి. అధ్యక్షులు ఓటెయ్యరు. మిగతావాళ్లంతా బూట్లు చూసుకుంటున్నారు. కోపంతో కాదు, కక్షతో కాదు. ప్రతి ఏడూ చూసుకున్నట్టే చూసుకుంటున్నారు. అప్పుడు అర్థమైంది నాకు. ఈ హాల్లో ఎవరికీ చెయ్యెత్తడం అలవాటు లేదు. వాళ్లు నేర్చుకున్నది కదలకుండా ఉండటం ఒక్కటే. ఆ కదలకపోవడం మీదే నా కొడుకు ఇన్నాళ్లూ నిలబడ్డాడు. దాన్ని నేను తీసేశాను.

తరగతిలో జవాబు కోసం చూసినట్టు ఇంకా చూస్తూనే ఉన్నాను. ఎవరైనా ఒకరు. నా చెయ్యి సంగతి నాకు తోచనే లేదు. లెక్కపెట్టే మనిషి తనని తాను చూసుకోదు.

ఒడీల్ ఆగింది. నా వైపు చూసింది. ఇంకాస్త ఆగింది. "ముగిసింది" అంది.

అప్పుడు లేచింది నా చెయ్యి. పెన్సిల్‌తో సహా.

ఒడీల్ చూసింది. ఇంకెవరూ చూడలేదు, అందరి కళ్లూ నేల మీదే ఉన్నాయి. వేదిక మీద ఎర్వే కళ్లు కూడా.

"ఎవరు వ్యతిరేకం?"

ఒక్కరూ ఎత్తలేదు. ఫిర్మిన్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఎవరు తటస్థం?"

ఎవరూ లేరు.

పాత పద్ధతిలో అయితే అప్పటికి వైన్ సీసాల మూతలు తీసేవాళ్లు. ఏకగ్రీవంగా ఆమోదం అయ్యుండేది.

ఒడీల్ వేదిక దిగి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మేడమ్, మీ చెయ్యి నేను చూశాను. అనుకూలం ఒకటి, వ్యతిరేకం లేదు. ఒకటి చాలు. నెగ్గినట్టే."

"నువ్వు ముగిసింది అన్నాక లేచింది."

"ఎవరూ చూడలేదు మేడమ్."

"నేను చూశాను."

"మేడమ్, వాడు మీ కొడుకు."

ఫలితం ప్రకటించాల్సింది లెక్కపెట్టినవాళ్లే. ప్రకటించాను. అనుకూలం, ఎవరూ లేరు. అనుకూలంగా ఒక్క ఓటూ లేనప్పుడు తీర్మానం వీగిపోతుంది. నా గొంతు వెనక వరస దాకా వినబడింది. ఎప్పుడూ వినబడుతుంది.

ఎర్వే లేచి, అందరికీ నమస్కరించి, పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు. నేను ఇంటికొచ్చేసరికి బండి లేదు. మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది, అంచులు సమంగా. నేను నేర్పినట్టే.

హాల్లోంచి వచ్చేముందు ఫిర్మిన్ నన్ను ఆపాడు. "పంతులమ్మా, నేను రెండిటికీ ఎత్తలేదు."

"చూశాను."

"వ్యతిరేకం అందామంటే అక్కడ మీరు నిలబడి చూస్తున్నారు. అనుకూలం అందామంటే ఇవిగో, నా చేతులు." పగిలిన చేతులు చూపించాడు. "ఎందుకడిగించారు పంతులమ్మా? అడగకుండా ఉంటే ఊరుకునేవాళ్లం కదా."

మార్చి 3.

సభ నివేదిక మీద సంతకం చేయించుకోవడానికి ఒడీల్ వచ్చింది. "అనుకూలం" ఎదురుగా ఖాళీ వదిలేసి తెచ్చింది. నేను రాసేదాకా పొయ్యి వైపు తిరిగి నిలబడింది.

రాశాను.

కాఫీ ఇస్తానంటే వద్దంది.

మార్చి 6.

మోంబ్రే తర్వాత సభ పెట్టుకున్న ఊళ్లన్నీ మోంబ్రే లాగే మూడూ అడిగాయి. అక్కడా ఎవరూ ఎత్తలేదు. ఎర్వే రాజీనామా చేసినట్టు పత్రికలో వేశారు. లోపలి పేజీలో.

మార్చి 7.

అపొలీన్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. కోళ్ల గూడు శుభ్రం చేశాను.

మార్చి 8. ఆదివారం.

ఎర్వే ఫోన్ చేశాడు.

"ఒడీల్ చెప్పిందమ్మా. నీ చెయ్యి లేచిందట."

"లేచింది."

"ఎప్పుడు?"

"ముగిసింది అన్నాక."

అవతల వీధి చప్పుడు వినబడటం లేదు.

"అయితే సున్నాయే" అన్నాడు.

"సున్నాయే."

నవ్వాడు. నవ్వే అనుకుంటాను.

"నేను తలెత్తి ఉంటే కనబడేదేమో" అన్నాడు.

"ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నావ్?"

"బండిలోంచి."

"ఎక్కడికి వెళ్తున్నావ్?"

"ఎక్కడికీ లేదమ్మా. ఉంటాను మరి."

పెట్టేశాడు. వెంటనే నేను చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. అపొలీన్‌కి చేశాను. వాళ్లమ్మకి చేశాను, ఎవరినైనా బండి దగ్గరికి పంపమని. ఆమె కిందికి వెళ్తున్నానంది. ఫోన్ పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను.

తిన్నావా అని అడగలేదు.